ఊతకర్రలో చప్పుడు

స్వాతి కార్తె, ఆరో రోజు

నీరు: పదకొండు కడవలు. చెట్లు: నలభై రెండు, నిలబడినవి ఇరవై నాలుగు, ఒరిగినవి పద్దెనిమిది. యంత్రాలు: గాడిద కుంటుతోంది.

ఇతరములు: తోటల సంఘం వారు ఇచ్చే ఈ దినచర్య పుస్తకంలో మొదటి మూడు గడులూ అరచేతంత ఉంటాయి. 'ఇతరములు' అన్న గడి వేలిగోరంత. ఈ పుస్తకం గీసినవాడెవడో గానీ ఇంట్లో పెళ్ళాంతో ఎన్నడూ మాట్లాడి ఉండడు. నేను పై మూడింట్లో అంకెలు వేసి, మిగతా పుటంతా ఇతరములకే వాడుకుంటాను. నోటితో చెబితే కాపు రాసిపెడుతుంది కదా అంటారు. కాపు అంటే ఈ కొండ మీద ప్రతి చెట్టుకూ ఒక చెవి గుచ్చి, పగలూ రాత్రీ వింటూ కూర్చునే యంత్రం. దానికి పాత ప్రభుత్వ కాగితాలు చదివించి తెలుగు నేర్పారు. ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన దాన్ని, నా వాక్యాలు అది దిద్దడం నేను భరించలేను.

తుఫాను వెళ్ళి ఎనిమిది రోజులైంది. ఈ వేళతో చెట్లన్నీ లేపడం పూర్తయింది. నలభై మూడేళ్ళ కిందట సముద్రం మా ఊళ్ళ మీదికి వచ్చి, మేం జీడికొమ్మలు చంకన పెట్టుకుని ఈ కొండెక్కినప్పుడు పెట్టుకున్న మొదటి కట్టుబాటు ఇది: వేరు నేలలో ఉన్నంతవరకు ఒరిగిన జీడిచెట్టును కొట్టకూడదు. తాళ్ళు వేసి సగం లేపాలి. ఊతకర్ర పెట్టాలి. కర్రకు జీడినూనె మూడు పూతలు పూయాలి. జీడితొక్కలోంచి తీసే ఆ నల్లనూనె ఒంటి మీద పడితే బొబ్బలెక్కిస్తుంది. దాన్ని పూసిన కర్ర జోలికి ఏ పురుగూ రాదు.

కర్రలు ఎక్కడివంటే, తుఫానే తెచ్చింది. ఏ దేశపు పాత ఓడో బద్దలై, దాని దూలాలు కొండ పాదానికి కొట్టుకొచ్చాయి. కూల్చినది తనే, ఊత ఇచ్చినదీ తనే. అలాంటి మనుషులను కూడా చూశాను. సంఘం దూలాలను అందరికీ పంచింది. ఆరుకాళ్ళ ఇనప గాడిద మోసుకొచ్చింది, దారి పొడుగునా గొణుగుతూ.

అన్నిటికన్నా పెద్ద దూలం తల్లిచెట్టుకు పెట్టించాను. నేను టిఫిన్ క్యారియర్‌లో తడిగుడ్డ చుట్టి తెచ్చిన కొమ్మ అది. ఈ దిగువ వరసలో ఉన్న నూట అరవై చెట్లూ దాని అంట్లే. దూలం ఓడ పక్కటెముక కాబోలు, నడుం వంపులా చక్కగా వంగి ఉంది. నిలబెట్టి తాడు విప్పామో లేదో మా ఆడపడుచు సింహాచలం వచ్చి, దానికి వీపు ఆనించి, కాళ్ళు బారజాపి, గింజల బుట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"వదినా, ఇది కుర్చీకన్నా బాగున్నాది. దీన్ని నాకొగ్గీ" అంది, తనకే వదిలేయమని.

సింహాలు అంటాం. దానికి డెబ్బై. నాకంటే నాలుగేళ్ళు చిన్న. పదేళ్ళుగా చెవులు వినపడవు. సంఘం ఇచ్చిన చెవియంత్రాన్ని చింతపండు జాడీ వెనక దాచింది. అది పెట్టుకుంటే నా మాటలు వినపడతాయట. నా పెదాలు చూసి తనకు కావలసినంత గ్రహిస్తుంది, అక్కర్లేనప్పుడు తల తిప్పుకుంటుంది. ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ యంత్రమూ చేయలేదు.

పదిహేడు కర్రలకు పూత పూశాం. పద్దెనిమిదోదాన్ని వదిలేశాను. కారణం సంఘానికి అక్కర్లేదు. పుస్తకంలో 'ఊతకర్రలు పద్దెనిమిది, పూత పూర్తి' అని రాశాను.

విశాఖ కార్తె, రెండో రోజు

నీరు: పద్నాలుగు కడవలు. చెట్లు: యథాప్రకారం. యంత్రాలు: కాపు ఎక్కువ మాట్లాడుతోంది.

ఇతరములు: పొద్దున్నే గట్టు మీద మంచుగుడ్డలు దులిపి, పిండి, మళ్ళీ కట్టాం. పొగమంచంతా ఆ గుడ్డలకు పట్టి కడవల్లోకి దిగుతుంది. గుడ్డ మాసితే నీరు దిగదు. ఉతకడానికి నీళ్ళు కావాలి, నీళ్ళకు ఉతికిన గుడ్డ కావాలి. ఈ ముడి విప్పినవాడికి నా పుస్తకాలన్నీ రాసిస్తాను.

మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు కాపు గోడలోంచి పలికింది. తల్లిచెట్టు ఊతకర్ర వైపు నుంచి ఏదో శబ్దం వస్తున్నదని విన్నవించుకుంది. గాలికి కర్ర కిర్రుమంటోందని చెప్పాను. గంటకు మళ్ళీ విన్నవించుకుంది. మూడోసారికి లేచి కూర్చుని, ఆ కర్రనూ, అది ఆనిన చెట్టునూ నువ్వు వినకు, అన్నాను. చిత్తం అంది. ఆ తర్వాత హాయిగా నిద్ర పట్టింది.

శ్రవణం కార్తె, తొమ్మిదో రోజు

నీరు: తొమ్మిది కడవలు. చెట్లు: పూత బాగుంది. యంత్రాలు: తుమ్మెదలు నూటపది వదిలాం, నూట ఆరు తిరిగొచ్చాయి.

ఇతరములు: కొండంతా జీడిపూత వాసన. ఇనప తుమ్మెదలు గుయ్యిమంటూ పువ్వు పువ్వునా పుప్పొడి అద్ది, సాయంత్రానికి డబ్బాలో చేరాయి. రాని నాలుగూ కిందికి వెళ్ళి ఉంటాయి. నీళ్ళలోంచి పైకి తేలి ఉన్న పాత టవర్ల మీద నీటికాకులు గూళ్ళు కట్టుకున్నాయి. వాటి పిల్లలకు మెరిసే వస్తువంటే మోజు.

కిందితోట లోకనాథం వచ్చి ఒక కొమ్మ చూపించాడు. పూత ఒక పక్క నిలువునా వాడిపోయిందట. కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది. లోపల కలప లేదు. తడిసి ఎండిన అట్టముక్కలాంటిది పొరలు పొరలుగా ఉంది. అందులోంచి తెల్లటి పురుగులు బయటికి ఒలికాయి.

లోకనాథం నాకంటే ఏడాది చిన్న. మా వైపు అక్కను అప్ప అంటారు. నన్ను అలాగే పిలుస్తాడు. నెమ్మదైన మనిషి. "సెదలే కదప్పా, మన సెదలేనా?" అని అడిగాడు.

భూతద్దం తీశాను. మన చెదలు పుట్ట కడతాయి, బెరడు మీద మట్టి పూసుకుంటూ చచ్చిన కలప తింటాయి. పచ్చి చెట్టు లోపలికి దూరి కడుపు ఖాళీ చేసే అలవాటు వాటికి లేదు. సిపాయి పురుగు తలను సూదితో తాకితే, నుదుటి నుంచి పాలచుక్క లాంటిది కార్చింది. ఇన్నేళ్ళ చదువులో బొమ్మలోనే చూసిన జాతి అది. పరాయిది. ఓడల్లో కలపతోపాటు దేశాలు తిరిగేది. నిజం చెప్పాలంటే ఒక క్షణం సంతోషించాను. కొత్త పురుగును చూసిన టీచరుకు, అది ఎవరి చెట్టులో ఉందన్నది వెంటనే గుర్తు రాదు.

దానికి ఓడచెద అని పేరు పెట్టాను.

ధనిష్ఠ కార్తె, నాలుగో రోజు

నీరు: ఎనిమిది కడవలు. చెట్లు: మనవి క్షేమం.

ఇతరములు: సంఘం సమావేశం. అధ్యక్షుడు దుర్యోధన. మా వైపు ఆ పేరు పెట్టుకున్నవాళ్ళంతా ఎందుకో మహా మెతకవాళ్ళు. వీడు నా దగ్గరే చదువుకున్నాడు. చెదపురుగుకు ఎనిమిది కాళ్ళని రాసి ఒకసారి తప్పాడు. యాభై దాటినా నా ముందు కూర్చోవడానికి జంకుతాడు.

పురుగు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. ఓడ దూలాల్లో వచ్చిందని అందరికీ తెలుసు. కానీ ఊతకర్రలన్నిటికీ నూనె పూత పడింది. పూత పడిన దూలంలోంచి పురుగు బయటికి రాలేదు. అయితే పూత పడని ఓడకలప ఎక్కడుంది? లోకనాథం తోట మూలలో తుఫాను కట్టెల కుప్ప ఒకటి ఉంది. నేను లేచి అదే మాట చెప్పాను. చెప్పి ఊరుకోక రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

కుప్పను తగలబెట్టారు. పురుగు పట్టిన అతని చెట్లు నాలుగు కొట్టేశారు. చివరి చెట్టు పడుతున్నప్పుడు లోకనాథం నా దగ్గరికి వచ్చాడు.

"అప్పా, నా కట్టెల్లో సూసి రాసినావా, సూడకుండా రాసినావా?"

తర్కం చెప్పాను. ఇది కాదు, అది కాదు, కనుక ఇదే అని. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక సింహాలు ఏమైందని సైగ చేసింది. ఏమీ లేదన్నాను. నిజానికి నేను చూడలేదు.

రేవతి కార్తె, పదో రోజు

నీరు: ఆరు కడవలు. చెట్లు: కోత మొదలు. యంత్రాలు: గాడిద ఎండకు పడుకుంది, లేవనంటోంది.

ఇతరములు: పంట బాగుంది. పళ్ళు నేల రాలుతుంటే ఏరుకుని, గింజ మెలిపెట్టి తీసి ఎండబోస్తున్నాం. ఇన్ని పళ్ళు మూడేళ్ళలో చూడలేదు. ఏ చెట్టూ కాయనంత తల్లిచెట్టు కాసింది. ఒరిగిన చెట్టు ఇంత కాయడమేమిటని అందరూ మెచ్చుకున్నారు. చచ్చేముందు చెట్టు విపరీతంగా కాస్తుందని పిల్లలకు నేనే చెప్పేదాన్ని. మెచ్చుకోలు వచ్చినప్పుడు మాత్రం చదువు అడ్డం రాదు.

దుర్యోధన వచ్చి కాయితం చదివాడు. దిగువ వరసలో మరో ఏడు చెట్లకు పురుగు. మూలగూడు ఎక్కడుందో కాపుకు వినిపించడం లేదు. ఈ జాతి చెద తొలకరికి ముందే ఉక్కపోసే సాయంత్రాల్లో రెక్కలు తొడుక్కుని ఎగురుతుంది. ఒక్కసారి ఎగిరితే పై వరసలు, అవతలి కొండ, ఏదీ మిగలదు. అందుకని రోహిణి కార్తె ఆరో రోజు లోపల మూలగూడు దొరక్కపోతే దిగువ వరస మొత్తం తగలబెట్టాలని తీర్మానం. కొట్టేసిన నాలుగూ పోను నూట యాభై ఆరు చెట్లు, పదకొండు ఇళ్ళు బతికే వరస.

"మీరే దారి సెప్పాల టీచరమ్మా" అన్నాడు.

లోకనాథం మళ్ళీ కొత్త కట్టెలు తెచ్చాడేమో చూడమన్నాను. నా మాట మీద నిలబడేదాన్ని కనక ఇక్కడ రాసి పెడుతున్నాను.

భరణి కార్తె, మూడో రోజు

నీరు: అయిదు కడవలు. చెట్లు: కోత ముగింపు.

ఇతరములు: బట్టీ పని. గింజలు పెనం మీద పడగానే నూనె కక్కి భగ్గుమంటాయి. ఇసకలో పొర్లించి, చల్లార్చి, చేతులకు బూడిద రాసుకుని కొట్టాలి. పప్పు విరక్కుండా కొట్టడంలో సింహాలును మించినవాళ్ళు ఈ కొండ మీద లేరు. గంటకు నాకంటే రెట్టింపు కొడుతుంది. ఆ సంగతి ప్రతి గంటకూ గుర్తుచేస్తుంది.

ఈ మధ్య ఒక కొత్త ఫిర్యాదు మొదలుపెట్టింది. తన దూలానికి ఆని కూర్చుంటే వీపు మీద ఏదో గోకుతున్నట్టుందట. వేడి చేసిందన్నాను. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాశాను. మర్నాడు మళ్ళీ అదే మాట. డెబ్బై ఏళ్ళ వీపు డెబ్బై రకాలుగా చెబుతుందన్నాను. నా పెదాల వంక చూసి, తల తిప్పుకుంది.

రోహిణి కార్తె, రెండో రోజు

నీరు: మూడు కడవలు. యంత్రాలు: పనిచేస్తున్నాయి. ఈ ఇంట్లో పనిచేయనిది నా బుర్ర ఒక్కటే.

ఇతరములు: ఈ ఉదయం సింహాలు వంటింట్లోకి వచ్చి, పిండి చేతితో ఉన్న నన్ను మణికట్టు పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. పొయ్యి మీద పెనం మాడుతోందన్నా వినలేదు. వినకపోవడం దానికి చేతనైన పని. దూలం దగ్గర నిలబెట్టి, నా అరచేతిని కలప మీద పెట్టి, పైన తన చేయి అదిమింది.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత తెలిసింది. లోపల, లోతుగా, చాలామంది గోళ్ళతో బల్ల మీద తడుతున్నట్టు. ఆగింది. మళ్ళీ తట్టింది. గూటికి అలికిడి తగిలినప్పుడు సిపాయి పురుగులు తలలు కలపకేసి కొట్టుకుంటాయి. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్వేవాళ్ళు.

"నెల్లాళ్ళ నుంచి సెప్తన్నాను కాదేటి" అంది సింహాలు.

లోపలికి వచ్చి కాపును అడిగాను, తల్లిచెట్టు దగ్గర శబ్దం ఎప్పటి నుంచి ఉందని.

"విశాఖ కార్తె నుంచి కలదు. దానిని ఆలకించవద్దని తమరే సెలవిచ్చి ఉన్నారు" అంది.

పెనం మాడిపోయింది. ఆ రొట్టె నేనే తిన్నాను.

అదే రోజు, సాయంత్రం

ఇతరములు: నిజం వరసలో రాస్తున్నాను. ఈ కొండ మీద జీడినూనె పూత పడని ఓడకలప ఒక్కటే ఉంది. అది నా తోటలో, నా చెట్టుకింద, నేను పెట్టించినది. పూత పూస్తే దానికి ఆని కూర్చునే వీపు బొబ్బలెక్కుతుందని వదిలేశాను. పూసేశానని రాశాను. అరుస్తున్న యంత్రాన్ని నోరు మూసుకోమన్నాను. ఆ తర్వాత భూతద్దం పట్టుకుని పొరుగువాడి తోటలో దొంగను వెతికాను.

బట్టీ పాకలో అందరూ ఉండగా ఇదంతా చెప్పాను. నిలబడే చెప్పాను. దుర్యోధన రెండుసార్లు కుర్చీ జరిపాడు. చెప్పడం అయ్యాక నేను లోకనాథం వైపు తిరిగాను. క్షమించమని అడిగిన అలవాటు లేదు నాకు, మాటలు వరస తప్పాయి. అతను తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"మూడు నెల్లు దాటింది అప్పా. నా యింటికి నిప్పుకని వచ్చినోళ్ళు కూడా గుమ్మం బయటే నిలబడినారు. నా కూతురు పప్పు కొట్టడానికి బట్టీకి రాలేకపోనాది. ఆ ముక్క కూడా రాయి, నీ పుస్తకంలో."

రాశాను.

వరసంతా తగలబెట్టక్కర్లేదని మొదట అన్నది కూడా అతనే. మూలగూడు దొరికింది కదా, అదొక్కటీ తీసేస్తే చాలు, తక్కిన ఏడింటినీ కొమ్మ కొమ్మా చూసుకోవచ్చు, అన్నాడు. దుర్యోధన నా వంక చూశాడు. మూలగూడు తీయడమంటే తల్లిచెట్టును వేరుతో సహా తీయడం. వేరు నేలలో ఉన్నంతవరకు కొట్టకూడదన్న కట్టుబాటు నేనే రాసినది. రేపు పొద్దున్నే గొడ్డళ్ళు తెమ్మన్నాను.

రోహిణి కార్తె, మూడో రోజు

నీరు: మూడు కడవలు. చెట్లు: నలభై ఒకటి.

ఇతరములు: దూలాన్ని ముందు కోశారు. రెండడుగుల లావు ఓడకలపలో పైన బొటనవేలంత మందాన గట్టి చెక్క మిగిలింది. లోపలంతా గూడే. దాని అడుగు నుంచి మట్టి సొరంగం నేరుగా తల్లిచెట్టు వేళ్ళలోకి పోయింది.

చెట్టు పడడానికి గంట పట్టలేదు. బోలుగా ఉన్నది పడేటప్పుడు పెద్ద చప్పుడు చేయదు. మానులో, మోకాలి ఎత్తున, అట్టలాంటి గూడు మధ్య రాణిపురుగు దొరికింది. చిటికెనవేలంత పొడుగు, తెల్లగా, కదల్లేక, చుట్టూ వేలమంది సేవకులు. పక్క గదుల్లో రెక్కలు తొడుక్కున్నవి గుంపులుగా సిద్ధంగా ఉన్నాయి. ఇంకో వారం ఆగితే ఎగిరేవి. కాగిన జీడినూనె లోకనాథమే పోశాడు. నన్ను పోయమన్నాడు గానీ గిన్నె అతని చేతికే తిరిగిచ్చాను. వయసు వల్ల, అని దుర్యోధనకు చెప్పాను.

నలభై మూడేళ్ళ చెట్టు. దాని పిల్లలు నూట అరవై ఉన్నాయి, నాలుగు తక్కువ. ఏడవడానికి తీరిక లేదు, శాస్త్రప్రకారం కారణమూ లేదు. కంట్లో బట్టీ పొగ పడింది.

సింహాలు మధ్యాహ్నమంతా ఆ గోతి పక్కన నిలబడి ఉంది. ఇంటికొచ్చాక నా ఎదురుగా కూర్చుని అడిగింది.

"నా ఈపు కోసరమే పుయ్యలేదా వదినా?"

నూనె అయిపోయిందని చెప్పాను.

"అబద్ధమాడినప్పుడు నీ పై పెదవి లోనికి పోతాది. ముప్పై ఏళ్ళుగా సూస్తన్నాను" అంది. తర్వాత లేచి, చింతపండు జాడీ వెనక నుంచి చెవియంత్రం తీసి, ఒక పూటంతా పెట్టుకుంది. రాత్రి అన్నాల వేళకు తీసేసింది. నా గొంతు తను అనుకున్నంత బాగా లేదట.

స్వాతి కార్తె ఆరో రోజు పుటకు వెళ్ళి 'పద్దెనిమిది' కొట్టేసి 'పదిహేడు' అని దిద్దాను. ఈ పుస్తకంలో నా మొదటి కొట్టివేత. ఎర్రసిరాతో చేశాను, పిల్లలకు చేసినట్టే.

మృగశిర కార్తె, అయిదో రోజు

నీరు: వాన. కొలవలేదు. చెట్లు: నలభై ఒకటి, క్షేమం. యంత్రాలు: కాపు అన్నీ వింటోంది. గాలికి రెమ్మ కదిలినా విన్నవించుకుంటోంది. ఏమీ అనడం లేదు నేను.

ఇతరములు: నిన్న సాయంత్రం తొలకరి. వాన వెలిశాక ప్రతి తోటలోనూ తెల్లగుడ్డ పరిచి, మీద దీపం పెట్టి, ఎగిరొచ్చేవి ఏ చెదలో చూద్దామని చుట్టూ కూర్చున్నాం. కొండంతా చిన్న చిన్న వెలుగులు. తర్వాత ఉసుళ్ళు వచ్చాయి. మొదట పది, తర్వాత వేలు. నేను ఒకదాన్ని పట్టుకుని భూతద్దం కింద పెట్టాను. ఓడచెదకు ఉండేలాంటి నూగు రెక్క మీద లేదు. ఒంటి రంగు ముదురు. వాన పడ్డాకే లేచాయి. మన పుట్టల్లోని మన చెదలే.

రెండోదాన్ని చూశాను, పదోదాన్ని చూశాను, ఎనభై చూశాక దుర్యోధన ఇక చాలంటూ దండం పెట్టాడు. ఎన్ని కాళ్ళున్నాయో చెప్పమన్నాను. ఆరు, అన్నాడు. పాసయ్యాడు.

రెక్కలు ఊడ్చి, పెనంలో వేయించి, ఉప్పూ కారం చల్లి, బియ్యప్పిండి కలిపి అందరమూ తిన్నాం. ఏడాదికొక్కసారే దొరికే రుచి. ఈ ఏడు మరీ బాగుంది.

ఈ ఉదయం లోకనాథం వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను. వచ్చాడు. చంకలోంచి ఒక టిఫిన్ గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే తడిగుడ్డ, గుడ్డలో పన్నెండు అంటుకొమ్మలు, పెన్సిలంత లావు, కొసలు ఉబ్బి ఉన్నాయి. అతనికి మిగిలిన చెట్లలో అన్నిటికన్నా పెద్దదాని కొమ్మలు. ఆ చెట్టుకు అంటు కట్టింది నేనే, ముప్పై తొమ్మిదేళ్ళ కిందట, తల్లిచెట్టు నుంచి. వారం ముందే చెట్టు మీదే ఆకు దూసి కొసలు ఉబ్బనిచ్చాడంటే ఇది ఈ వేళ తోచిన ఆలోచన కాదు.

"ఆరు నాకు కట్టు, ఆరు నీకు కట్టుకో. నా నాలుగు సెట్లకి ఆరు. రెండు వడ్డీ" అన్నాడు.

కట్టాను. గింజమొలక తల కోసి నిలువునా చీల్చి, కొమ్మను కోణంగా చెక్కి దూర్చి, పట్టీ చుట్టి. పన్నెండూ అయ్యేసరికి పొద్దు వాలింది. అతనికిచ్చిన ఆరూ నా పనిలో నేను ఎన్నడూ కట్టనంత శుభ్రంగా వచ్చాయి. అతను ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాడు. చూసి తీసుకోవడం మంచి పద్ధతి. ఆ మాట పైకి అన్నాను కూడా. అప్పుడు నవ్వాడు.

తల్లిచెట్టు గొయ్యి పూడ్చి, మట్టి సర్ది, మధ్యలో ఒక అంటు నాటాం. జానెడు ఉంది. దానికి ఊతగా వెదురుపుల్ల గుచ్చి, పుల్లకు మూడు పూతలు పూశాను. నాలుగోది కూడా పూశాను.

సింహాలుకు ఆనుకోవడానికి ఏమీ లేదు. గోడ చల్లగా ఉంటుందట, కుర్చీ వెనక్కి పోతుందట. రెండు మూడు చోట్లు మార్చి, చివరికి అరుగు మీద కూర్చుని ఈ పుస్తకం రాసుకుంటున్న నా వెనక చేరి, నా వీపుకు వీపు ఆనించి, గింజల బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. బరువైన మనిషి. రాత వంకర పోతోంది, చదివేవాళ్ళు గమనించగలరు. లేవమని చెబుదామంటే ఇటు చూడదు. సంఘం వారి పుస్తకాన్నీ, తుఫానునూ, ముసలితనాన్నీ కలిపి నాలుగు మాటలు గొణుక్కున్నాను.

"తిట్టకొదినా, ఈపుకి తెలస్తన్నాది" అంది, గింజ కొడుతూనే.